ఒక్క అక్షరపు తేడా

రోగమునకు మూలమెక్కడ నున్నది? ఈ ప్రశ్న మానవునితో పాటు పుట్టినది. మన ఆయుర్వేదాచార్యులు వాత పిత్త కఫముల వైషమ్యములో ఆ మూలమును వెదకిరి. గ్రీకు వైద్యులు శరీరములోని నాలుగు రసముల హెచ్చుతగ్గులలో వెదకిరి. తరువాతి కాలమున శవపరీక్షలు చేసిన వైద్యులు రోగమునకు ఉనికిపట్టు గుండె, కాలేయము, ఊపిరితిత్తులు మొదలగు అవయవములని చూపిరి. 1858లో జర్మనీ దేశీయుడైన రుడాల్ఫ్ విర్కో ఒక మెట్టు క్రిందికి దిగి, వ్యాధి యనగా కణమునకు కలిగిన వికారమే యని ప్రకటించెను. మరి తొంబది యేండ్లకు శాస్త్రజ్ఞులు ఇంకొక మెట్టు దిగి, కణము లోపలి అణువును పట్టుకొనిరి.

ఈ చివరి మెట్టునకు దారి చూపినది కొడవలి కణ వ్యాధి. దీనినే సికిల్ సెల్ వ్యాధి యందురు. ఫలానా అణువులోని దోషమే ఫలానా రోగమునకు కారణమని ప్రపంచమునకు మొదట తెలిసినది ఈ వ్యాధి వలననే. కారణము తెలిసిన తరువాత మందు చేతికి వచ్చుటకు ఎంతకాలము పట్టినదో, వచ్చిన మందు రోగి గుమ్మమునకు చేరుటకు ఇంకను ఎంత దూరమున్నదో కూడ ఈ వ్యాధి చరిత్రయే చెప్పగలదు.

షికాగోలో కనబడిన కొడవళ్లు

కరిబియన్ సముద్రములోని గ్రెనడా ద్వీపమునుండి దంతవైద్యము చదువుటకై వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అను ఇరువదేండ్ల విద్యార్థి అమెరికాలోని షికాగో నగరమునకు వచ్చెను. 1904 సంవత్సరాంతమున దగ్గు, ఆయాసములతో ఆసుపత్రిలో చేరెను. అతని రక్తపు బొట్టును సూక్ష్మదర్శినిలో చూచిన యువవైద్యుడు ఎర్నెస్ట్ ఐరన్స్ ఆశ్చర్యపడెను. గుండ్రని బిళ్లలవలె నుండవలసిన ఎర్రకణములలో కొన్ని సన్నగా సాగి, కొడవలివలె వంగియున్నవి. అతని పై వైద్యుడైన జేమ్స్ హెరిక్ ఈ విషయమును 1910లో ప్రకటించెను. నోయెల్ చదువు ముగించుకొని స్వదేశమునకు పోయి, దంతవైద్యుడుగా జీవించి, 1916లో యౌవనముననే మరణించెను. తన రక్తమునకు కలిగిన కీడు ఏమో తెలియకయే అతడు కన్నుమూసెను.

1927లో మరియొక సంగతి బయటపడినది. ఈ కణములు ఎల్లవేళల వంగియుండవు. ప్రాణవాయువు తగ్గినప్పుడు వంగును. మరల లభించినప్పుడు చాలవరకు సర్దుకొనును. ఇది చిన్న విషయముగా తోచును గాని, రహస్యమునకు తాళపుచెవి ఇందులోనే యున్నది.

1945లో ఈ మాట రసాయన శాస్త్రజ్ఞుడైన లైనస్ పౌలింగ్ చెవిని పడినది. ఆయన ఆలోచన సూటిగా సాగెను: ప్రాణవాయువు లేనప్పుడే కణము వంగుచున్నచో, తప్పు ప్రాణవాయువును మోయు పదార్థములోనే యుండవలెను. ఆ పదార్థము హీమోగ్లోబిన్. ఆయనయు, హార్వే ఇటానో, జాన్ సింగర్, ఇబర్ట్ వెల్స్ అను సహచరులును ఆరోగ్యవంతుల హీమోగ్లోబినును, రోగుల హీమోగ్లోబినును విద్యుత్ క్షేత్రములో నుంచి చూచిరి. రెండును వేర్వేరు వేగములతో కదలెను. అనగా రెండింటి విద్యుదావేశములలో తేడా యున్నదన్నమాట. 1949లో వారు ప్రకటించిన వ్యాసముతో "అణుసంబంధమైన వ్యాధి" అను కొత్తమాట వైద్యశాస్త్రమున ప్రవేశించినది.

తేడా యున్నదని తెలిసినది. అది ఎక్కడనో తెలియలేదు. ఆ పని ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ సాధించెను. ఆయన హీమోగ్లోబినును ట్రిప్సిన్ అను జీర్ణరసముతో చిన్న తునకలుగా ఖండించి, ఆ తునకలను కాగితముపై విడివిడిగా పరచెను. రెండు విధముల రక్తమునకును మచ్చలన్నియు ఒకేరీతిగా వచ్చినవి. ఒక్క మచ్చ మాత్రము చోటు తప్పినది. 1957 నాటికి దాని గుట్టు తెలిసిపోయినది. హీమోగ్లోబిన్ నాలుగు గొలుసులతో కూడిన మాంసకృత్తు. అందు బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లములు పూసలవలె వరుసగా నుండును. వాటిలో ఆరవచోట గ్లుటామిక్ ఆమ్లమునకు మారుగా వేలీన్ చేరినది. భేదమంతయు ఇంతే.

ఈ పూసల వరుసను నిర్ణయించునది డి.ఎన్.ఎ. లిపి. మానవునికి తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతి లభించును. ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరములుండును. వాటిలో ఒక్కచోట "ఎ" అను అక్షరమునకు బదులు "టి" పడుటయే ఈ తప్పునకు కారణము. తెలుగులో "వరము" అను మాటకు మొదటి అక్షరము మారిన "జ్వరము" అగును గదా! ప్రకృతి లిపిలో కూడ అట్టిదే జరిగినది.

అణువు నుండి బాధ వరకు

అక్షరము మారినంత మాత్రమున బిడ్డ నొప్పితో ఏల విలవిలలాడవలెను? ఈ రెండింటి నడుమనున్న మెట్లను ఒక్కొక్కటిగా తెలిసికొనుటయే ఆధునిక పరిశోధనల సారము.

ఒక్క ఎర్రకణములో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు క్రిక్కిరిసి యుండును. ఆరోగ్యవంతునిలో అవి సంతలోని జనమువలె రాసుకొనుచు తిరుగునే గాని ఒకదానినొకటి పట్టుకొనవు. గ్లుటామిక్ ఆమ్లము నీటితో చెలిమి చేయునది. దాని చోటికి వచ్చిన వేలీన్ చమురువలె నీటికి ఎడమగా నుండగోరును. అణువు ప్రాణవాయువును మోయుచున్నంతవరకు ఈ దోషము దాగియుండును. వాయువును శరీరమునకు అందించి ఖాళీయైనంతనే అణువు ఆకృతి కొంచెము మారును. అప్పుడు వేలీన్ ప్రక్క అణువుపైనున్న ఒక గుంటలో పోయి ఇరుకుకొనును. దానికి మరియొకటి, దానికి ఇంకొకటి తగుల్కొని, 14 పేటల మోకువంటి పోగు తయారగును. ఇట్టి పోగులనేకము కణమును లోపలినుండి సాగదీసి కొడవలిగా వంచును.

పలుమారులు వంగి లేచిన కణముపొర చెడిపోయి, తుదకు వంగినది వంగినట్లే యుండును. 120 దినములు బ్రతుకవలసిన కణము 10, 20 దినములలోనే నశించును. రక్తహీనత దీని ఫలితము. బిరుసెక్కిన కణములు సన్నని రక్తనాళములలో చిక్కుకొని దారి మూయును. ఎముకలలో పుట్టు దుర్భరమైన నొప్పికి కారణమిదియే. ప్లీహము దెబ్బతిని, సూక్ష్మజీవులను ఎదిరించు శక్తి తగ్గును. మెదడులోని నాళము మూసుకొన్నచో పసివానికి సైతము పక్షవాతము రావచ్చును.

ఇటీవలి పరిశోధనలు ఈ చిత్రమునకు మరికొన్ని రేఖలు చేర్చినవి. పగిలిన కణములనుండి వెలువడిన హీమోగ్లోబిన్, నాళములను సడలించు నైట్రిక్ ఆక్సైడును హరించును. నాళముల లోపొరయు, తెల్లకణములును అంటుకొను స్వభావము పొంది అడ్డంకిని పెంచును. ఒక అణువుతో మొదలైన తగవు ఈ విధముగా శరీరమంతట వ్యాపించును.

వరమును శాపమును

తల్లినుండి, తండ్రినుండి ఇరువురినుండియు మారిన జన్యువు సంక్రమించిన బిడ్డకే ఈ వ్యాధి వచ్చును. ఒకరినుండి మాత్రమే సంక్రమించినచో ఆ వ్యక్తి వాహకుడు. అతడు సామాన్యముగా ఆరోగ్యముతోనే యుండును. భార్యాభర్తలిరువురును వాహకులైనచో ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు, వాహకత్వమునకు నాలుగింట రెండు పాళ్లు, ఏదియు లేకుండుటకు నాలుగింట ఒక పాలు అవకాశముండును.

ఇంతటి కీడు చేయు జన్యువు తరతరములుగా ఏల నిలిచినది? 1954లో ఆంథొనీ ఆలిసన్ దీనికి సమాధానము చెప్పెను. తూర్పు ఆఫ్రికాలో మలేరియా ఉద్ధృతముగానున్న చోట్లనే ఈ జన్యువు అధికముగా కనబడినది. వాహకులైన పిల్లలకు ఆ జ్వరమునుండి కొంత రక్షణ యున్నదని ఆయన చూపెను. దోమకును మలేరియాకును గల సంబంధమును 1897లో రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. ఆ దోమ తిరుగాడిన అడవులలో ఒక్క ప్రతి గలవానికి ఈ జన్యువు వరమైనది. రెండు ప్రతులు పొందిన వానికి శాపమైనది. కావున ఇది ఏ జాతి దోషమును కాదు, ఏ తల్లిదండ్రుల పాపమును కాదు. ఒక భయంకర జ్వరముతో మానవజాతి సలిపిన పోరాటమునకు మిగిలిన గుర్తు.

చికిత్సకు దొరికిన దారి

1948లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అను వైద్యురాలు ఒక విశేషమును గమనించెను. ఈ వ్యాధితో పుట్టిన శిశువులు మొదటి కొన్ని నెలలు బాధపడరు. గర్భస్థ శిశువునకు వేరొక విధమైన హీమోగ్లోబిన్ ఉండును. అది పోగులు కట్టుటకు అడ్డుపడును. పుట్టిన కొన్ని నెలలకు అది తగ్గిపోయి, పెద్దల హీమోగ్లోబిన్ వచ్చుటతో రోగము తల యెత్తును. ఆ శైశవపు హీమోగ్లోబినును మరల మేలుకొల్పగలిగినచో రోగము అణగును గదా!

ఈ ఆలోచనకు తొలి ఫలము హైడ్రాక్సీయూరియా. క్యాన్సరు చికిత్సలో వాడుచుండిన ఈ మందు శిశు హీమోగ్లోబినును పెంచి, నొప్పి దాడులను తగ్గించునని 1995లో రుజువైనది. రెండవ ఫలమునకు మరికొంత కాలము పట్టెను. శిశు హీమోగ్లోబినును అణచియుంచునది బి.సి.ఎల్.11ఎ అను జన్యువని 2008లో బోస్టన్ శాస్త్రజ్ఞులు చూపిరి. జన్యువును కోరినచోట ఖండింపగల క్రిస్పర్ పద్ధతి 2012లో వెలువడెను. రోగి మజ్జలోని మూలకణములను వెలికి తీసి, ఆ అణచివేతను తొలగించి, మరల శరీరములో ప్రవేశపెట్టు చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా దేశములు అనుమతి నిచ్చెను. అమెరికాలో అనుమతికి ఆధారమైన పరీక్షలో, తగినంత కాలము గమనింపబడిన 31 మందిలో 29 మంది కనీసము ఒక సంవత్సరముపాటు తీవ్రమైన నొప్పి దాడులు లేకుండ నుండిరి.

ఇది మహాద్భుత విజయము. కాని అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు. పైగా పాత మజ్జను నశింపజేయుటకు తీవ్రమైన మందులు వాడవలెను. వారముల తరబడి ఆసుపత్రిలో నుండవలెను. కొండమీది గూడెములో పుట్టిన బిడ్డకు ఈ చికిత్స నేటికి ఆకాశమందలి చుక్కయే.

మన గడ్డపై

భారతదేశమున ఈ లక్షణము నీలగిరి గిరిజనులలో నున్నదని 1952లో హెర్మన్ లేమన్, మేరీ కట్‌బుష్ అనువారు ప్రకటించిరి. మధ్య, పశ్చిమ, దక్షిణ భారతములలోని గిరిజనులయందు ఇది విశేషముగా కలదని పిమ్మట తెలిసినది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన ఉద్యమము ప్రారంభమైనది. నలుబది యేండ్లలోపు వారిని 7 కోట్ల మందిని పరీక్షించుట, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండ జేయుట దాని లక్ష్యములు. ఆ ఉద్యమము సాగుచున్న 17 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు రెండును ఉన్నవి.

వేలుపై తీసిన రక్తపు బొట్టుతో తొలి పరీక్ష ముగియును. అనుమానమున్నచో ప్రయోగశాల నిర్ధారణ చేయును. రోగము సకాలమున తెలిసిన బిడ్డకు పెన్సిలిన్, టీకాలు, హైడ్రాక్సీయూరియా మొదలగు వాటితో ఆయువును పొడిగింపవచ్చును. ఇవి నక్షత్రముల వెలగల మందులు కావు. తెలియకపోవుట వలననే పెక్కుమంది నష్టపోవుదురు.

ఇచ్చట పాఠశాలకు గల బాధ్యత చిన్నది కాదు. ఈ రోగమున్న బాలుడు మాటిమాటికి బడి మానును, కాళ్లు నొప్పులనును, ఆటలలో త్వరగా అలసిపోవును, పదేపదే నీరు త్రాగి బయటికి పోవలెననును. తెలియని ఉపాధ్యాయునికి ఇది సోమరితనముగను, సాకుగను కనబడును. తెలిసిన ఉపాధ్యాయుడు వానిని నీరు త్రాగనిచ్చును, మూత్రపిండములు నీటిని నిలుపలేకపోవుట వలన బయటికి పోవలసి వచ్చుచున్నదని గ్రహించును, ఎండలో పరుగు పెట్టింపడు, చలిలో నిలువబెట్టడు, జ్వరము వచ్చినచో మరునాటి వరకు ఆగక ఆసుపత్రికి పంపించును.

విద్యార్థులు నేర్వవలసినదియు ఒకటి కలదు. వాహకత్వము అంటురోగము కాదు. ప్రక్కన కూర్చున్నందున, కలిసి భుజించినందున రాదు. పరీక్ష ఫలితము తెలిపిన చీటి వెలి వేయుటకు గుర్తు కారాదు. వివాహమునకు ముందు ఇరుపక్షములవారును తెలివితో నిర్ణయించుకొనుటకు సాధనము కావలెను.

300 కోట్ల అక్షరములలో ఒక్క తప్పును శాస్త్రము పట్టుకొన్నది. ఇక నలుబది పేర్లుగల హాజరుపట్టీలో తరచు "రాలేదు" అని పడుచున్న ఒక్క పేరును గమనించి, ఏల రాలేదో విచారించుట మిగిలియున్నది. అందుకు సూక్ష్మదర్శిని అక్కరలేదు.