చర్చి ఆవరణలోని చెట్టు దగ్గర మొదలుపెడదాం

మే నెల వస్తే మన సంఘాల్లో వి.బి.ఎస్. సందడి మొదలవుతుంది. పిల్లలు పక్షుల బొమ్మలకు రంగులు వేస్తారు, సృష్టిని గురించిన వాక్యాలు కంఠస్థం చేస్తారు. కానీ చర్చి ఆవరణలోని వేపచెట్టు మీద వాలిన పిట్ట పేరు అడిగితే చాలామంది చెప్పలేరు. పిల్లలను వెంటబెట్టుకుని పొలానికో, చెరువుగట్టుకో వెళ్లే అలవాటు మన ఇళ్లలో తగ్గిపోయింది. ఆ సమయాన్ని ఫోను తీసుకుంది.

దీని ప్రభావం వారి కళ్ల మీద కూడా పడుతోంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 పాఠశాలల ఒకటో తరగతి పిల్లలను మూడేళ్లు పరిశీలించారు. సగం పాఠశాలల్లో రోజూ 40 నిమిషాల ఆరుబయట తరగతి అదనంగా పెట్టారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ పిల్లల్లో సుమారు 30 శాతం మందికి దూరపు చూపు మందగించింది. మిగతా పాఠశాలల్లో అది 40 శాతానికి దగ్గరగా ఉంది.

ఏడాదికోసారి బస్సు కట్టించుకుని వెళ్లే పిక్నిక్ సంతోషమే. అయితే పరిచయం పెరగాలంటే ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. అందుకు చర్చి ఆవరణలోని ఒక చెట్టు చాలు. సండే స్కూల్ పిల్లలు ఏడాది పొడవునా ఆ వేపచెట్టును గమనించి, నోటు పుస్తకంలో రాసుకోవచ్చు. ఆకు ఎప్పుడు రాలింది? ఉగాదికి పూత వచ్చిందా? పండ్లు తినడానికి ఏ పిట్టలు వచ్చాయి? కూసే కోకిల మగదని, ఆడకోకిల గుడ్లు కాకి గూట్లో పెడుతుందని తెలిసిన పిల్లవాడు ఆ కూత వినగానే తల ఎత్తి చూస్తాడు.

పక్షులను లెక్కించడం మరో మార్గం. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ 1998 నుండి జరుగుతోంది. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు, ఎవరైనా ఉన్నచోటే కనీసం 15 నిమిషాలు పక్షులను లెక్కించి నమోదు చేయవచ్చు. మన దేశంలోనూ వేలమంది పాల్గొంటున్నారు. దూరం వెళ్లగలిగిన కుటుంబాలు శీతాకాలంలో సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టుకు వెళితే గూడబాతుల గూళ్లు చూడవచ్చు.

మరి నేర్పేదెవరు? మన సంఘంలోనే ఉన్నారు. కలుపుకూలికి వెళ్లే అక్కకు గట్టుమీది ఆకుకూరలన్నీ తెలుసు. గొర్రెలు కాసే తాతకు మబ్బు, గాలి తెలుసు. వల వేసే అన్నకు చేపల కాలం తెలుసు. వెనుక వరుసలో కూర్చునే వీరిని ఒక ఆదివారం పిల్లల ముందు నిలబెట్టండి. తమ వారికి ఇంత తెలుసా అని పిల్లలు గౌరవంగా చూస్తారు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. వేసవిలో ఉదయం ఎనిమిదిన్నరలోపు ముగించాలి. మంచినీళ్లు, టోపీ, చెప్పులు ఉండాలి. కాలువలు, బావుల దగ్గరికి పిల్లలను ఒంటరిగా పంపకూడదు. గూళ్లను తాకనివ్వకూడదు. తల్లిదండ్రులను కూడా రమ్మనాలి. అప్పుడే ఆ అలవాటు ఇంటికి చేరుతుంది.

ఆకాశపక్షులను, అడవిపువ్వులను చూడమని ప్రభువు చెప్పినప్పుడు విన్నవారు కొండ మీద ఉన్నారు. మన పిల్లలకూ ఆ అవకాశం ఇద్దాం. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక, బండి ఎక్కకముందు, పదిహేను నిమిషాలు ఆ చెట్టు కింద నిలబడదాం.