సినిమా తీసేస్తే మ్యూజిక్ మిగులుతుందా? స్టార్ వార్స్ స్కోర్‌ని ఇలా వినండి

ఒక బీజీఎమ్ నచ్చితే మనం ఏం చేస్తాం? రింగ్‌టోన్ పెట్టుకుంటాం, లేదంటే రీల్‌కి వాడేస్తాం. పదిహేను సెకన్లు, అంతే. కానీ అదే మ్యూజిక్‌ని బొమ్మ లేకుండా, పాట లేకుండా, మొదటి నుంచి చివరిదాకా వింటే నిలబడుతుందా? ఈరోజు టాపిక్ ఇదే. ఎగ్జాంపుల్‌గా జాన్ విలియమ్స్ చేసిన స్టార్ వార్స్ తీసుకుందాం. చిన్న వార్నింగ్: స్పాయిలర్ ఉంది.

మొదటి సినిమా 1977లో వచ్చింది. అంతరిక్షం కథ కదా, సింథసైజర్ సౌండ్లు ఉంటాయనుకుంటాం. విలియమ్స్ మాత్రం లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో, పాతకాలపు సింఫనీ పద్ధతిలో చేశారు. అందులో ఆయన వాడిన టెక్నిక్ పేరు లైట్‌మోటిఫ్. సింపుల్‌గా చెప్పాలంటే, ఒక మనిషికో ఒక భావానికో ఒక చిన్న ట్యూన్ కట్టి, కథ మారినప్పుడల్లా దాన్ని కొత్త రూపంలో తీసుకురావడం. ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది 19వ శతాబ్దపు జర్మన్ ఒపెరా కంపోజర్ వాగ్నర్. మన కోడింగ్ భాషలో అయితే ఫంక్షన్ ఒకటే, ఇన్‌పుట్ మారుతుంది.

ఇప్పుడు ఇంపీరియల్ మార్చ్ చూద్దాం. డార్త్ వేడర్ ట్యూన్. ఇది 1977 సినిమాలో లేదు. 1980లో వచ్చిన ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్ కోసం రాశారు. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఆ సినిమా మే నెలలో రిలీజైంది. విలియమ్స్ ఈ మార్చ్‌ని ఏప్రిల్‌లోనే బోస్టన్ పాప్స్ ఆర్కెస్ట్రా కచేరీలో వాయించేశారు. అంటే దాన్ని మొదట విన్న జనం ముందు తెర లేదు, కథ తెలీదు. వాళ్ళకి అది అచ్చంగా మ్యూజిక్ మాత్రమే.

ట్యూన్ గమనించండి. ఒకే స్వరం మూడుసార్లు, తర్వాత కిందికి దిగుతుంది. ట్రంపెట్లు, ట్రాంబోన్లు గట్టిగా వాయిస్తుంటే బూట్ల చప్పుడులా ఉంటుంది. భయం వేస్తుంది.

ఇక 1983, రిటర్న్ ఆఫ్ ద జెడై. కొడుకుని కాపాడి వేడర్ చనిపోతున్నాడు. అదే ట్యూన్ వస్తుంది, కానీ నెమ్మదిగా, సన్నగా. చివరి స్వరాలు హార్ప్ తీగల మీద ఒక్కొక్కటే రాలిపోతాయి. స్వరాలు మారలేదు. విలన్ పోయి తండ్రి మిగిలాడని డైలాగ్ లేకుండానే మనకి తెలుస్తుంది. 1999లో వచ్చిన ది ఫాంటమ్ మెనేస్‌లో చిన్నపిల్లాడు అనాకిన్ థీమ్ వినండి. ఎంతో ముద్దుగా సాగుతుంది, చివర్లో మాత్రం ఆ మార్చ్ స్వరాలు మెల్లగా తొంగిచూస్తాయి. పిల్లాడి భవిష్యత్తు ట్యూన్‌లోనే ఉంది!

సరే, ఎలా వినాలి? నేను చేసేది చెప్తాను.

ఒకటి, ఫోన్ స్పీకర్ వద్దు. ఆర్కెస్ట్రాలో డబుల్ బాస్ కింది స్వరం సుమారు 41 హెర్ట్జ్. అంత కింది సౌండ్ మన ఫోన్ స్పీకర్ సరిగ్గా పలకలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టండి, స్క్రీన్ బోర్లా పెట్టేయండి.

రెండు, ఒకే ట్రాక్ మూడుసార్లు వినండి. మొదటిసారి ఊరికే. రెండోసారి ట్యూన్ ఏ వాయిద్యం చేతిలో ఉందో చూడండి. మూడోసారి ట్యూన్‌ని వదిలేసి, వెనకాల మిగతావాళ్ళు ఏం చేస్తున్నారో పట్టుకోండి. అసలు మజా అక్కడే ఉంటుంది.

మూడు, 1977 ఆల్బమ్‌లో రెండు సూర్యుల సీన్‌కి వచ్చే మ్యూజిక్ వెతకండి. ఫ్రెంచ్ హార్న్ ఒంటరిగా మొదలెడుతుంది, తర్వాత వయొలిన్లు అందుకుని ఉప్పెనలా లేస్తాయి. ఊరు దాటి ఎటైనా వెళ్ళిపోవాలన్న ఆశ ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు కదా. దానికి సినిమా చూసి ఉండక్కర్లేదు.

మంచి స్కోర్‌కి నా టెస్ట్ ఇదొక్కటే: సీన్ గుర్తు రాకపోయినా మీకు ఏదో ఒకటి గుర్తు రావాలి. ఈ రాత్రి ఒక్క ట్రాక్ ట్రై చేయండి, మీకేం గుర్తొచ్చిందో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!