బొటనవేలికి అందని మూల

విశాఖ స్టీల్‌ప్లాంట్ షిఫ్టు వదిలే వేళ కూర్మన్నపాలెంలో బస్సెక్కితే సీటు దొరకడం కష్టమే. ఒక చెయ్యి పై రాడ్డుకి పోతుంది. ఫోను పట్టుకునేదీ, మెసేజీ కొట్టేదీ రెండో చెయ్యే. ఫోను డిజైనుకి ఇంతకు మించిన పరీక్ష లేదని నా నమ్మకం.

2013లో స్టీవెన్ హూబర్ అనే డిజైనరు బయట జనం ఫోన్లు ఎలా పట్టుకుంటున్నారో గమనించి లెక్క రాశాడు. తెరమీద వేలు కదుపుతూ కనిపించిన 780 మందిలో 49 శాతం ఒంటిచేత్తోనే కానిచ్చేస్తున్నారు. అప్పటి ఫోన్లు చిన్నవి మరి. 2007 నాటి తొలి ఐఫోన్ తెర మూడున్నర అంగుళాలు, బరువు 135 గ్రాములు. ఇప్పుడు ఆరున్నర అంగుళాలు మామూలైపోయింది, బరువు 200 గ్రాముల దాకా పోయింది. బొటనవేలు మాత్రం పెరగలేదు. పై మూలనున్న బటన్ నొక్కాలంటే ఫోను అరచేతిలోంచి జారాల్సిందే. 2014లో ఐఫోన్ 6 తెర పెంచిన ఆపిల్, హోమ్ బటన్‌ని రెండుసార్లు తాకితే తెర పైభాగం కిందికి దిగే ఏర్పాటు కూడా పెట్టింది.

మన విశాఖకీ ఈ కథలో చోటుంది. షావోమీ మన దేశంలో తయారుచేసిన తొలి ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్‌ని 2015 ఆగస్టు 10న విడుదల చేసింది ఇక్కడే. తయారైంది శ్రీసిటీలో. 4.7 అంగుళాల తెర, 133 గ్రాముల బరువు, ధర 6,999 రూపాయలు. నిలబడి ప్రయాణం చేసేవాళ్లకి నిజంగా సరిపోయిన కొలత అది.

సన్నదనంలో వింత చూడండి. 2014లో వచ్చిన వివో ఎక్స్5 మ్యాక్స్ మందం 4.75 మిల్లీమీటర్లే, పైగా ఇయర్‌ఫోన్ రంధ్రం కూడా ఉంది! పదకొండేళ్ల తర్వాత వచ్చిన ఐఫోన్ ఎయిర్ 5.6 మిల్లీమీటర్లు. వివో సన్నదనానికి మూల్యం బ్యాటరీ: 2,000 ఎంఏహెచ్. దీనికి పూర్తి ఎదురు 2019లో ఎనర్జైజర్ చూపించిన 18,000 ఎంఏహెచ్ ఫోను. మందం 18 మిల్లీమీటర్లు. దాని తయారీకి జనం దగ్గర చందాలు అడిగితే అనుకున్నంత రాలేదు. తేలికదనానికీ మూల్యం బ్యాటరీయే: 2018 నాటి పామ్ ఫోను 62.5 గ్రాములే, అయితే బ్యాటరీ 800 ఎంఏహెచ్.

ఉక్కు పనిలో గ్లౌజులు తప్పవు కాబట్టి ఈ ఊరికి అన్నిటికంటే దగ్గరి సంగతి వాటిదే. టచ్ తెర పనిచేసేది చర్మం తాకినప్పుడు విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పు వల్ల. మధ్యలో మందపాటి గ్లౌజు అడ్డొస్తే ఆ మార్పు తెరకి అందదు. చెమట చుక్కలు పడితే తిప్పలు వేరే, తాకని చోట తాకినట్టు పనిచేస్తుంది. 2012లో నోకియా లూమియా 920 గ్లౌజుతోనే వాడుకునే తెరతో వచ్చింది. ఇప్పుడు చాలా సామ్‌సంగ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిస్‌ప్లే కింద టచ్ సెన్సిటివిటీ ఆన్ చేసుకోవచ్చు. టెంపర్డ్ గ్లాస్ వేయించాక తెర సరిగ్గా పలకడం లేదనేవాళ్లకీ అది పనికొస్తుంది.