కోడల్ని కాదర్రా, ముందు అబ్బాయిని చూపించండి

ఏమర్రా, పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండకపోతే ముందు ఎవర్ని తిప్పుతారు గుళ్లకీ, ఆసుపత్రులకీ? కోడల్ని. అబ్బాయిగారికి వీర్యపరీక్ష అంటే నామోషీ. ఆయనగారి ఒంట్లోనే ఉండే ఒక జన్యువు కథ చెబుతాను, వినండి.

దాని పేరు డాజ్. మగవాళ్లకే ఉండే వై క్రోమోజోమ్ మీద మామూలుగా నాలుగు ప్రతులుంటాయి. 1976లో ఇటలీకి చెందిన టియెపోలో, జుఫార్డీ వీర్యకణాలు లేని ఆరుగురిలో వై కొస తెగిపోయి ఉండటం చూశారు. అలా పోయే భాగంలో డాజ్ ఉందని 1995లో అమెరికాలో డేవిడ్ పేజ్ బృందం పట్టుకుంది.

వీర్యకణం తయారీకి రెండు నెలల పైనే పడుతుంది. ఏ ప్రొటీన్ కావాలో చెప్పే ఆర్‌ఎన్‌ఏ ముందే సిద్ధమై ఉంటుంది. డాజ్ కుటుంబపు ప్రొటీన్లు దాన్ని పట్టుకుని, వేళకి పని మొదలయ్యేలా చూస్తాయి. మన ఆత్రేయపురంలో పూతరేకులు తీసే అమ్మ లేదూ? పిండి కలిపి ఉంటుంది, గుడ్డ తడిసి ఉంటుంది. బోర్లించిన కుండ కాగిందో లేదో కనిపెట్టి గుడ్డ వేసే చెయ్యి ఆమెది. ఆ చెయ్యి లేకపోతే పిండి పిండిగానే ఉంటుంది.

డాజ్‌కి మూలపురుషుడు డాజ్‌ఎల్ మూడో క్రోమోజోమ్ మీద, ఆడా మగా అందరికీ ఉంటాడు. ఎప్పుడో మన వానర పూర్వీకుల్లో దాని నకలొకటి వై మీదకొచ్చి కాపురం పెట్టింది. డాజ్ పోయినా కొందరికి కొద్దో గొప్పో కణాలు మిగలడం బహుశా ఆ పెద్దాయన చలవే.

తండ్రికి నిక్షేపంగా ఉన్న వై కొడుకు దగ్గరికొచ్చేసరికి ముక్క పోవచ్చు. వై మీద ఒకేలాంటి డీఎన్ఏ వరుసలు చాలా ఉండటంతో, పొరపాటున ఒకదానితో ఒకటి జతకట్టి మధ్యలోది ఊడిపోతుంది.

2003లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు వీర్యకణాలు లేని 340 మంది భారతీయుల్ని పరీక్షించి, 29 మందిలో వై ముక్కలు పోయాయని చెప్పారు. కాస్త రక్తం తీస్తే తేలే సంగతి. దీనికి భార్య చేత ఎన్ని పసర్లు తాగించి ఏం లాభం?

ఏ ముక్క పోయిందో తెలియడం మరీ ముఖ్యం. డాజ్ ఉండే 'సి' భాగమైతే వృషణాల్లో వెతికితే చాలామందికి కణాలు దొరుకుతాయి. వై మీదే 'ఎ' అనే మరో భాగం పూర్తిగా పోతే కోత పెట్టి వెతకడం దండగ. దొరికిన కణాన్ని సూదితో అండంలోకి పంపే పద్ధతితో 1992 నాటికే పిల్లలు పుట్టారు. అయితే కొడుకు పుడితే ఆ తెగిన వై వాడికీ వస్తుంది. కూతురికి నాన్న నుంచి వచ్చేది ఎక్స్ గనక ఈ బెడద ఉండదు. మనవడే కావాలని భీష్మించుకున్న తాతలకి డాక్టరు ముందే చెప్పాల్సిన మాట ఇది.