నోట్‌ప్యాడ్ అని పిలిస్తే పలికేదెవరు?

విండోస్ 1.0 1985 నవంబరులో వచ్చినప్పుడు దాని వెంటే నోట్‌ప్యాడ్ కూడా వచ్చింది. అయితే చాలాకాలం దాన్ని ఎడిటర్ అనడం కాస్త పెద్ద మాటే. అక్షరాలు టైపు చేసుకునే తెల్లటి పెట్టె ఒకటి విండోస్‌లో సిద్ధంగా ఉంటుంది, ఏ ప్రోగ్రామ్ అయినా దాన్ని వాడుకోవచ్చు. ఆ పెట్టెకు పైన ఒక మెనూ తగిలిస్తే అదే నోట్‌ప్యాడ్. విండోస్ 95, 98లలో అందులో 64 కిలోబైట్లకు మించి పట్టేది కాదు. అంతకన్నా పెద్ద ఫైలు ఇస్తే వర్డ్‌ప్యాడ్‌లో తెరవమంటారా అని అడిగి చేతులు దులుపుకునేది.

లైను ఎక్కడ ముగిసిందో చెప్పడానికి లినక్స్ ఫైళ్లలో 10 అనే ఒకే బైటు ఉంటుంది. విండోస్ మాత్రం 13, 10 అని రెండు రాస్తుంది. టెలిప్రింటర్ల కాలంలో మొదటిది అచ్చుతలను ఎడమ అంచుకు తేవడానికి, రెండోది కాగితాన్ని ఒక వరుస పైకి జరపడానికి. నోట్‌ప్యాడ్‌కు రెండూ కలిసి కనబడితేనే లైను మారినట్టు లెక్క ఉండేది. కాబట్టి లినక్స్ యంత్రంలో పుట్టిన ఫైలును అందులో తెరిస్తే వందల వరుసలు ఒకదానికొకటి అతుక్కుని కనబడేవి. దీన్ని సరిచేసే చిన్న సవరణ 2018లో గానీ జరగలేదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో మరో వింత ఉండేది. ‘బుష్ హిడ్ ద ఫ్యాక్ట్స్’ అని ఇంగ్లిషులో టైపు చేసి, సేవ్ చేసి, మళ్లీ తెరిస్తే తొమ్మిది చైనీస్ అక్షరాలు ప్రత్యక్షమయ్యేవి. ఇందులో రాజకీయ కుట్రేమీ లేదు. ఫైలు ఏ సంకేత పద్ధతిలో ఉందో ఎక్కడా రాసి లేదు గనక విండోస్ బైట్ల తీరు చూసి ఊహించేది. ఆ 18 బైట్లను జతలుగా చదివితే సరిగ్గా యూనికోడ్‌లా అనిపించేవి, ఊహ తప్పేది.

ఇన్ని తిప్పలుండగా ప్రత్యామ్నాయాలు రాకుండా ఎలా ఉంటాయి? 2003లో డాన్ హో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ విడుదల చేశాడు. నోట్‌ప్యాడ్2 లాంటి తేలికపాటివీ వచ్చాయి. వీటిని దించుకోవడం నిమిషం పని. టెక్స్ట్ ఫైలును డబుల్ క్లిక్ చేస్తే కొత్త ఎడిటరే తెరుచుకునేలా సెట్టింగుల్లో మార్చుకోవడం ఇంకో నిమిషం. చిక్కంతా ఆ తర్వాతే. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో పేజీ సోర్సు చూడాలనుకుంటే అది నోట్‌ప్యాడ్‌నే తెరిచేది. ఎన్నో ఇన్‌స్టలేషన్ ప్రోగ్రాములు, స్క్రిప్టులు కూడా మీ ఇష్టాయిష్టాలు కనుక్కోవు, నోట్‌ప్యాడ్‌ను పేరు పెట్టి మరీ పిలుస్తాయి.

మొదట్లో జనం మొరటుగానే పని కానిచ్చారు. కొత్త ఎడిటర్‌కు నోట్‌ప్యాడ్ అని పేరు పెట్టి, అసలు ఫైలు ఉన్నచోట దీన్ని కూర్చోబెట్టేవారు. విండోస్ 2000 నుంచి అది సాగలేదు. సిస్టమ్ ఫైలు మారిందని తెలియగానే విండోస్ తన దగ్గర దాచిన నకలును తెచ్చి యథాస్థానంలో పెట్టేసేది. దాంతో ముందు ఆ నకలును, తర్వాత అసలును మార్చే పద్ధతి పుట్టింది. విండోస్ విస్టా వచ్చాక ఆ ఫైళ్ల మీద అడ్మినిస్ట్రేటర్‌కు కూడా రాత హక్కు లేకుండా పోయింది.

అప్పుడు పనికొచ్చింది, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోని ఒక మూల. దాని పేరు ఇమేజ్ ఫైల్ ఎగ్జిక్యూషన్ ఆప్షన్స్. ఏదైనా ప్రోగ్రామ్ మొదలయ్యే ముందు విండోస్ దాని పేరుతో అక్కడ ఏమైనా రాసి ఉందా అని చూస్తుంది. ‘డీబగ్గర్’ అనే విలువ కనబడితే అడిగిన ప్రోగ్రామ్‌కు బదులు అందులో ఉన్నదాన్ని నడుపుతుంది. తప్పులు వెతికే ప్రోగ్రామర్ల కోసం పెట్టిన ఏర్పాటిది. అక్కడ నోట్‌ప్యాడ్ పేరు మీద మీ ఎడిటర్ చిరునామా రాస్తే ఒక్క సిస్టమ్ ఫైలునూ ముట్టుకోనక్కర్లేదు. ఒక్క మెలిక ఉంది. విండోస్ కొత్త ప్రోగ్రామ్‌కు పాత ఆదేశాన్ని యథాతథంగా అందిస్తుంది. అంటే మొదట నోట్‌ప్యాడ్ చిరునామా, ఆ తర్వాతే మీ ఫైలు పేరు. ఏమీ తెలియని ఎడిటర్ నోట్‌ప్యాడ్ ప్రోగ్రామ్‌నే ఒక డాక్యుమెంటు అనుకుని తెరిచి, తెరనిండా చెత్త గుమ్మరిస్తుంది. అందుకే నోట్‌ప్యాడ్2, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ రెండింటిలోనూ ‘మొదటి మాట వదిలెయ్’ అని చెప్పే జెడ్ అనే ఆప్షన్ పెట్టారు.

ఇంత సులువైన దారి దొంగల కంట పడకుండా ఉండదు. లాగిన్ తెర దగ్గర షిఫ్ట్ మీట అయిదుసార్లు నొక్కితే స్టికీ కీస్ ప్రోగ్రామ్ లేస్తుంది. ఒకసారి అడ్మినిస్ట్రేటర్ హక్కులు సంపాదించినవాడు ఆ ప్రోగ్రామ్ పేరు మీద కమాండ్ ప్రాంప్ట్ చిరునామా రాసి వెళ్తే, తర్వాతెప్పుడైనా వచ్చి పాస్‌వర్డ్ లేకుండానే యంత్రాన్ని చేజిక్కించుకోవచ్చు. కాబట్టి ఆఫీసు కంప్యూటర్‌లో ఈ మూలను కదిలిస్తే సెక్యూరిటీ వాళ్ల నుంచి ఫోను రావచ్చు, అది వాళ్ల తప్పు కాదు. తమాషా ఏమిటంటే విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ కూడా ఇక్కడికే వచ్చింది. నోట్‌ప్యాడ్‌ను స్టోర్ యాప్‌గా మార్చాక, పాత పేరును కొత్త యాప్‌కు మళ్లించే రాతలను ఈ రిజిస్ట్రీ మూలలోనే పెట్టింది. ఇప్పుడు మీ ఎడిటర్ పలకాలంటే వాటిని తప్పించాలి, సెట్టింగుల్లో నోట్‌ప్యాడ్ ఎలియాస్‌ను కూడా ఆపాలి.

యూనిక్స్ సంప్రదాయంలో ఈ గొడవ దాదాపు లేదు. అక్కడ ఎడిటర్ అంటే ఫలానాదని ఎవరూ గట్టిగా రాసిపెట్టలేదు. ‘ఎడిటర్’, ‘విజువల్’ అని రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉంటాయి. గిట్ గానీ క్రాన్‌ట్యాబ్ గానీ వాటిలో ఏ పేరుంటే దాన్ని పిలుస్తాయి. రెండెందుకంటే, కాగితం మీద ఒక్కో వరుసే అచ్చయ్యే టెర్మినళ్లకు ఒక ఎడిటర్, తెర ఉన్నవాటికి మరొకటి కావలసొచ్చిన రోజులవి. డెబియన్ లినక్స్‌లో ‘ఎడిటర్’ అనే ఆదేశమే ఒక లింకు, ఒక్క కమాండుతో దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. 2020లో ఫెడోరా లినక్స్ తన డిఫాల్ట్ ఎడిటర్‌ను వీఐ నుంచి నానోకు మార్చుకుంది. వీఐలోకి పొరపాటున వెళ్లి బయటికి దారి దొరకని కొత్తవాళ్లు దాన్ని తప్పకుండా మెచ్చుకుని ఉంటారు. నా ఓటు ఈ పద్ధతికే. పేరును పనికి కట్టారు గానీ ప్రోగ్రామ్‌కు కట్టలేదు.

తెలుగు రాసేవాళ్లు ఎడిటర్ మార్చేముందు చూసుకోవాల్సింది వేరే ఉంది. యూటీఎఫ్-8లో ‘తెలుగు’ అనే మాటకు ఆరు సంకేతాలు, ఒక్కోదానికి మూడేసి చొప్పున 18 బైట్లు. పాత నోట్‌ప్యాడ్‌లో హెచ్చరికను పట్టించుకోకుండా ఆన్సీ అనే పాత సంకేత పద్ధతిలో సేవ్ చేస్తే అవన్నీ ప్రశ్నార్థకాలయ్యేవి. 2019 నుంచి కొత్త ఫైళ్లకు యూటీఎఫ్-8 దానంతటదే వస్తోంది గనక ఆ ఒక్క కారణంతోనే నోట్‌ప్యాడ్‌ను వదిలేయాల్సిన పని ఇప్పుడు లేదు. పైగా టెర్మినల్‌లో నడిచే ఎడిటర్లలో ప్రతి అక్షరానికీ సమాన వెడల్పు గడులు కేటాయిస్తారు. మన ఒత్తులు, గుణింతాలు ఆ గడుల్లో ఒదగవు. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ అని టైపు చేసి, కర్సర్‌ను అటూ ఇటూ నడిపి, ఒక అక్షరం చెరిపి చూడండి. అది సవ్యంగా సాగితేనే రిజిస్ట్రీ జోలికి వెళ్లండి.