లోతు లేని నీళ్ళకు తెడ్ల చక్రం

పార్కు చెరువులో పెడల్ బోటు తొక్కని పిల్లలు ఇప్పుడు తక్కువ. రెండు సీట్ల నడుమ, మూత కింద ఒక చిన్న చక్రం ఉంటుంది. దానికి నాలుగైదు పలకలు. కాళ్ళతో తొక్కితే పలకలు నీళ్ళను వెనక్కి తోస్తాయి, బోటు ముందుకు పోతుంది. ఒకప్పుడు ఇదే చక్రం పన్నెండు, పదిహేను అడుగుల అడ్డకొలతతో ఓడకు రెండు పక్కలా తిరిగేది. తొక్కడానికి కాళ్ళ బదులు ఆవిరి ఇంజను ఉండేది.

తొమ్మిదో తరగతిలో న్యూటన్ మూడో నియమం చెబుతూ ఈ చక్రం బొమ్మ వేశాను. ఒకమ్మాయి లేచి, "సార్, గోదావరి మీద స్టీమర్లు తిరిగినయంటరు గదా, మన కృష్ణల ఎందుకు తిరగలే?" అని అడిగింది. నల్లగొండ జిల్లాలో పుట్టి పెరిగిన పిల్ల అడగవలసిన ప్రశ్నే. జవాబు సగం నదిలో ఉంది, సగం చక్రంలో ఉంది. నాకు ఎక్కువ ఇష్టమైనది చక్రం కనుక ముందు దాని సంగతి చెబుతాను.

1783లో ఫ్రాన్స్‌లోని లియాన్ దగ్గర జూఫ్రువా ఆవిరి పడవను కాసేపు ఎదురీదించాడు. 1807లో ఫుల్టన్ పడవ న్యూయార్క్ నుంచి ఆల్బనీకి 150 మైళ్ళు 32 గంటల్లో పోయింది. 1823లో కలకత్తాలో 'డయానా' నీళ్ళలోకి దిగింది. వీటన్నిటికీ ఉన్నది తెడ్ల చక్రమే. మనిషి చేతిలోని తెడ్డును చక్రానికి వరసగా బిగిస్తే చాలనిపించేంత సులువైన ఆలోచన. ఆ సులువులోనే ఒక చిక్కు దాగి ఉంది.

నాలుగు మీటర్ల అడ్డకొలత ఉన్న చక్రం నిమిషానికి 25 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంచు వేగం లెక్క కడితే గంటకు దాదాపు 19 కిలోమీటర్లు వస్తుంది. ఓడ మాత్రం 15 కిలోమీటర్లే పోతుంది. ఈ తేడాను జారుడు అంటారు. ఇక్కడ అది ఐదోవంతు, అంటే ఇంజను చేసిన పనిలో ఐదోవంతు నీళ్ళను వెనక్కి కదిలించడానికే ఖర్చయింది. దాన్ని పూర్తిగా తప్పించుకోలేం. వెనక్కి పోయే నీళ్ళు లేకుండా ముందుకు పోయే ఓడ లేదు. కానీ తగ్గించుకోవచ్చు. కొద్ది నీళ్ళను వేగంగా విసిరేకంటే ఎక్కువ నీళ్ళను నెమ్మదిగా నెట్టడం చవక. వెడల్పాటి పలకలున్న పెద్ద చక్రం సరిగ్గా ఆ పనే చేస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది.

అసలు నష్టం పలక నీళ్ళలోకి దిగేటప్పుడు, పైకి లేచేటప్పుడు జరుగుతుంది. ఇరుసు నీటి మట్టానికి 1.4 మీటర్ల ఎత్తున ఉంటే, ఆకులా చక్రానికి సూటిగా బిగించిన పలక 45 డిగ్రీల వాలుతో నీళ్ళను తాకుతుంది. అప్పుడు అది నీళ్ళను వెనక్కి నెట్టకుండా కిందికి చరుస్తుంది. వెనక వైపు లేచేటప్పుడు నీళ్ళను పైకి ఎత్తి పోస్తుంది. చరిచినప్పుడల్లా ఓడ అదిరిపోతుంది, ఎత్తినప్పుడల్లా బొగ్గో కట్టెలో దండగ. పలక తన పని తాను సరిగ్గా చేసేది అడుగున నిటారుగా ఉన్న కాసేపే.

మరి పలక ఏ వాలుతో దిగితే నీళ్ళను చరచకుండా అంచుతో దూరిపోతుంది? దీనికి తొమ్మిదో తరగతి జ్యామితి చాలు. నేల మీద దొర్లుతున్న సైకిల్ చక్రాన్ని తీసుకోండి. నేలను తాకిన బిందువు ఆ క్షణానికి కదలదు. చక్రం మొత్తం ఆ బిందువు చుట్టూ తిరుగుతున్నట్టే లెక్క. కనుక అంచు మీద ఏ బిందువైనా, దాన్నీ ఆ అడుగు బిందువునూ కలిపే గీతకు లంబంగా కదులుతుంది. చక్రం అడుగు బిందువునూ పై కొసనూ కలిపితే వ్యాసం. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం. అంటే అంచు మీది బిందువు కదిలే దిశ, దాన్ని చక్రం పై కొసతో కలిపే గీత మీదే పడుతుంది! జారుడును కాసేపు పక్కన పెడితే ఓడ చక్రం నడక కూడా ఇదే. కాబట్టి పలక ఇరుసు వైపు కాదు, చక్రం పై కొస వైపు చూస్తూ నీళ్ళలోకి దిగాలి. కేంద్రం దగ్గర కోణంలో సగమే పరిధి దగ్గర కోణం కనుక 45 డిగ్రీల వాలు ఇరవై రెండున్నరకు తగ్గిపోతుంది. వృత్తాల పాఠంలోని రెండు సిద్ధాంతాలు ఓడ ఇంజనుకు కట్టెలు మిగులుస్తాయని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

సిద్ధాంతం సరే, తిరిగే చక్రం మీద ప్రతి పలకనూ ఎవరు సరిచేస్తూ ఉంటారు? 1829లో ఎలిజా గాలొవే తీసుకున్న పేటెంటులో ఉన్నది ఈ జవాబే. దాన్ని విలియం మోర్గాన్ కొని మెరుగుపరిచాడు. అందుకే దానికి మోర్గాన్ చక్రమనే పేరు స్థిరపడింది. అందులో పలకలను చక్రానికి గట్టిగా బిగించరు, కీళ్ళ మీద నిలబెడతారు. చక్రం బయట ఉన్న చట్రానికి, ఇరుసుకు సూటిగా కాకుండా కొంచెం ముందుకు జరిపి, కదలని పిన్ను ఒకటి బిగిస్తారు. ఆ పిన్ను చుట్టూ ఒక ఉంగరం తిరుగుతుంది. ఉంగరం నుంచి ఒక్కో పలక చేతికి ఒక్కో కడ్డీ పోతుంది. కడ్డీల్లో ఒకదాన్ని మాత్రం ఉంగరానికి కదలకుండా బిగిస్తారు. చక్రంతో పాటు ఉంగరాన్ని లాక్కుపోయేది అదే. మిగతావన్నీ కీళ్ళ మీద ఆడుతూ వెంట వస్తాయి. ఉంగరం, చక్రం కలిసే తిరుగుతాయి కానీ వాటి కేంద్రాలు వేరు. ఆ తేడా వల్ల కడ్డీ ఒక చోట పలకను తోస్తుంది, ఇంకో చోట లాగుతుంది. గేరు లేదు, స్ప్రింగు లేదు. పలకను తిప్పే తెలివంతా ఒక పిన్నును పక్కకు జరపడంలో ఉంది.

మందపాటి అట్ట, బోర్డు పిన్నులు, ఐస్‌క్రీం పుల్లలతో దీని నమూనా చేసి చూడండి. అడుగున ఉన్న మూడు పుల్లలు దాదాపు నిటారుగా, ఒకదాని వెనక ఒకటి వరసగా సాగుతాయి. పైకి పోయిన పుల్ల వంకరగా తిరుగుతుంది కానీ అక్కడ ఉన్నది గాలే కనుక నష్టం లేదు. పిన్నును అటూ ఇటూ కాస్త జరిపి చూస్తే పలకల వాలు మారడం కంటికి కనిపిస్తుంది. నా తరగతిలో ఈ అట్ట చక్రం ఒకసారి పిల్లల చేతికి పోయిందంటే మళ్ళీ నా దాకా రావడం కష్టం.

ఇంత అందమైన యంత్రానికి పోటీ కూడా గట్టిదే వచ్చింది. నీటి అడుగున తిరిగే మరచక్రం, అంటే నేటి ప్రొపెల్లర్. 1845లో బ్రిటిష్ నౌకాదళం తెడ్ల చక్రాల 'అలెక్టో'ను, ప్రొపెల్లరున్న 'రాట్లర్'ను వెనక్కు వెనక్కు తాళ్ళతో కట్టి లాగుడు పోటీ పెట్టింది. రాట్లర్ అలెక్టోను వెనక్కి ఈడ్చుకుపోయింది. ఈ కథ పుస్తకాల్లో చదివినప్పుడల్లా నాకు తెడ్ల చక్రానికి అన్యాయం జరిగిందనిపిస్తుంది. ఆ రోజు రాట్లర్ ఇంజను ఇచ్చిన శక్తే ఎక్కువ. పైగా నౌకాదళం అంతకు ముందే ప్రొపెల్లర్ వైపు మొగ్గింది. సముద్రం మీద మాత్రం ఆ మొగ్గు న్యాయమే. అలలకు ఓడ ఒరిగితే ఒక పక్క చక్రం గాల్లోకి లేస్తుంది, ఇంకో పక్కది మునిగిపోతుంది. బొగ్గు కాలి బరువు తగ్గేకొద్దీ పలకలకు అందే లోతు మారుతుంది. యుద్ధనౌక అయితే అంత పెద్ద చక్రం ఫిరంగికి తేలికైన గురి.

నదిలో ఈ నేరాలేవీ నిలబడవు. అలలు లేవు, ఫిరంగులు లేవు. ఉన్న కష్టమల్లా లోతే. ప్రొపెల్లర్ మొత్తం నీళ్ళలో మునగాలి. దాని వ్యాసం ఎంతో అంతకు మించి లోతు కావాలి. తెడ్ల చక్రానికి పలక మునిగితే చాలు. చక్రం ఎంత పెద్దదైనా మిగతా భాగమంతా గాల్లోనే ఉంటుంది. అడుగు బల్లపరుపుగా, వెడల్పుగా కట్టిన ఓడ రెండు మూడు అడుగుల నీళ్ళలో పోగలదు. అందుకే సముద్రం మీద ఓడిన యంత్రం మిసిసిపీ మీదా, బర్మాలోని ఐరావతి మీదా తరాల తరబడి రాజ్యం చేసింది. 1865లో మొదలైన ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీ చక్రాల స్టీమర్లలో 300 అడుగులు దాటిన పొడవైనవి ఉన్నాయి. రంగం (రంగూన్) పోయి రేవుల్లో మూటలు మోసిన మన తెలుగువాళ్ళకు ఆ చక్రాల చప్పుడు రోజూ వినబడేదే. 1942లో జపాన్ సేన ముందుకు వస్తుంటే ఆ స్టీమర్లను చాలావరకు కంపెనీవాళ్ళే నీళ్ళలో ముంచేశారు.

ఇక గోదావరి. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు నీళ్ళంటే పంట ఒక్కటే కాదు, దారి కూడా. నాగపూర్, వార్ధా వైపు పత్తిని ప్రాణహిత మీదుగా గోదావరిలోకి, అక్కడి నుంచి సముద్రానికి దింపాలని ఆయన తపన. అడ్డం ఉన్నవి దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర మూడు రాతి అడ్డంకులు. వాటిని దాటించే ఆనకట్టలు, లాకుల పనిని హేగ్ అనే ఇంజనీరు నెత్తిన వేసుకున్నాడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోవడంతో ఆ పనికి ఊపు వచ్చింది. యుద్ధం ముగిసింది. 1867లో నాగపూర్‌కు బొంబాయి నుంచి రైలు వచ్చేసింది. 1871లో పై గోదావరి పనులు ఆపేశారు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట ఇప్పటికీ ఉంది, చూసి రండి.

కృష్ణ అంత మాత్రం కూడా లొంగే నది కాదు. రాయచూరు వైపు జలదుర్గం దగ్గర మూడు మైళ్ళలో 408 అడుగులు దిగుతుంది. అక్కడి నుంచి మన పాలమూరు నేల మీదికి వచ్చాక కూడా అడుగంతా బండలే. వానాకాలంలో ఉరికే వరద, ఎండాకాలంలో బండల మధ్య మడుగులు. రెండడుగుల నీళ్ళు చాలన్న ఓడకు ఆ రెండడుగులు తెగకుండా మైళ్ళ తరబడి ఉండాలి గదా. సోమశిల దాటితే నల్లమల లోయ. అక్కడ పలకలకు బండ తగిలితే మోర్గాన్ చక్రం కీళ్ళు ఒక్క పూటలో ఊడిపోతాయి.

అందుకే ఈ నది తన పడవను తానే ఎంచుకుంది. అదే పుట్టి. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్ తుంగభద్ర మీద తోలు కప్పిన గుండ్రని బుట్ట పడవలను చూశాడు. పదిహేను ఇరవై మంది పడతారనీ, ఎప్పుడూ తిరుగుతూనే పోతాయనీ రాశాడు. అదే తుంగభద్ర అలంపూర్ మీదుగా వచ్చి కృష్ణలో కలుస్తుంది. మక్తల్ దగ్గర పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురం పోయే భక్తులకు పుట్టి సంగతి చెప్పనక్కరలేదు. వెదురు బద్దల అల్లిక మీద ఒకప్పుడు బర్రె తోలు, ఇప్పుడు తారు పూసిన పట్టా. మూడు మీటర్ల అడ్డకొలత ఉన్న పుట్టి అడుగు వైశాల్యం దాదాపు ఏడు చదరపు మీటర్లు. మనుషులూ పుట్టీ కలిపి 750 కిలోల బరువు పడినా అది మునిగేది 11 సెంటీమీటర్లే. జానెడు నీళ్ళలో పది మంది దాటుతారు! బండ తగిలితే వెదురు వంగి లేస్తుంది. నీళ్ళు తెగిన చోట బోర్లించి నెత్తిన పెట్టుకుని నడవచ్చు. ఇంజను లేకపోయినా, లోతు లెక్కలో ఇది తెడ్ల చక్రం స్టీమరును దాటిపోయింది. ఆ అమ్మాయికి నేను బోర్డు మీద చూపిన జవాబు ఈ లెక్కే.

తరవాతి కథ తొందరగా చెప్పేయవచ్చు. ప్రొపెల్లర్‌ను ఓడ అడుగున సొరంగంలో దాచి, తక్కువ నీళ్ళలో కూడా నడపడం నేర్చుకున్నారు. డీజిల్ ఇంజను వచ్చింది. కృష్ణ మీద నాగార్జునసాగర్, శ్రీశైలం, జూరాల కట్టారు. జలాశయాలు లోతును తెచ్చాయి, లోతు వచ్చాక తెడ్ల చక్రంతో పని లేదు. సాగర్ నుంచి నాగార్జునకొండకు పోయే లాంచీలన్నీ ప్రొపెల్లరువే. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో నల్లగొండ జిల్లా వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా 157 కిలోమీటర్ల కృష్ణ కూడా ఉంది.

చక్రం మాత్రం తెలుగు నేలను వదల్లేదు. భీమవరం, కైకలూరు దారిలో రొయ్యల చెరువుల మీద నురగ లేపుతూ తిరిగే ఏరియేటర్లను చూసే ఉంటారు. ప్లాస్టిక్ తేలుళ్ళ మీద చిన్న కరెంటు మోటారు, దానికి పలకల చక్రాలు. వీటి పలకలు కీళ్ళ మీద తిరగవు, ఆకుల్లా సూటిగా బిగించి ఉంటాయి, వాటికి చిల్లులు కూడా పెడతారు. గాలొవే, మోర్గాన్ తప్పించాలని తంటాలు పడిన చరుపే ఇక్కడ కావాలి. పలక నీళ్ళను ఎంత చరిచి, ఎంత చిందిస్తే అంత గాలి కలుస్తుంది, రొయ్యకు అంత ఆక్సిజన్ అందుతుంది. మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చేపల చెరువు ఎక్కడైనా కనిపిస్తే ఆగి, ఆ పలకల వాలు ఎంతో కొలిచి చూడండని పిల్లలకు చెప్పాను. కోణమానిని పట్టుకుని పోయినవాళ్ళు ఉన్నారు.