మేడకూ ఒక నాడి ఉంది



భూమి కంపించిందనగానే పిల్లల్ని చంకనేసుకుని మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తుతాం. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హైదరాబాదులో కూడా ఇళ్ళు కదిలాయి. కంపం కాసేపట్లో ఆగిపోతుంది. అసలు ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది. ఈ రాత్రి పిల్లల్ని మళ్ళీ ఆ కప్పు కింద పడుకోబెట్టవచ్చా?

గోడ బీటలు వారితే భయపడతాం, వారకపోతే ధైర్యపడతాం. రెండూ తొందరపాటే. గదుల మధ్య ఇటుక గోడ పగిలినా మేడ నిలబడవచ్చు. బరువు మోసేవి కాంక్రీటు స్తంభాలు, దూలాలు. వాటికి తగిలిన దెబ్బ ఒక్కోసారి సిమెంటు పూత చాటున దాగి ఉంటుంది.

దాన్ని పట్టుకోవడానికి కొన్ని మేడల్లో ముందుగానే సెన్సర్లు అమరుస్తారు. బస్సు హఠాత్తుగా కదిలితే మనం వెనక్కి తూలుతాం కదా! సెన్సర్ లోపలి చిన్న బరువు కూడా అలాగే తూలుతుంది. ఆ తూలును బట్టి ప్రతి అంతస్తు ఎంత జోరుగా కదిలిందో నమోదవుతుంది. పై అంతస్తుకూ కింది అంతస్తుకూ కదలికలో తేడా ఎంతో లెక్క కడితే, మధ్యనున్న స్తంభాలు ఎంత వంగాయో తెలుస్తుంది.

ఇంకో సంగతి. కొత్త కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం. బీట ఉంటే ధ్వని బొంగురుపోతుంది. మేడ సంగతీ అంతే. ప్రతి మేడకూ ఊగడంలో తనదైన లయ ఉంటుంది. ఒకసారి అటూ ఇటూ ఊగడానికి అర సెకను పట్టే మేడ, భూకంపం తర్వాత ముప్పావు సెకను తీసుకుంటోందనుకోండి, దాని గట్టిదనం సగానికి పైగా తగ్గినట్టు లెక్క. అయితే గదుల గోడలు బీటలు వారినా లయ కొంత మందగిస్తుంది. అందుకే ఆ అంకెలు చూసుకుని, ఇంజనీరు అనుమానమున్న చోట పూత ఒలిచి మరీ పరీక్షిస్తాడు.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఎల్ సెంట్రో అనే ఊళ్ళో ఆరంతస్తుల కాంక్రీటు ఆఫీసు మేడ ఒకటి ఉండేది. కట్టింది 1971లో. దాంట్లో 13 సెన్సర్లు పెట్టారు. 1979 అక్టోబరు 15న భూకంపం వచ్చింది. తూర్పు చివర కింది అంతస్తులోని నాలుగు స్తంభాలు నలిగిపోయాయి. ఆ కాలంలో ఫిల్ము మీద గీతలుగా నమోదైన ఆ కదలికలను ఇంజనీర్లు శ్రద్ధగా చదివారు. మేడ లయ ఎలా మందగించిందో, స్తంభాలు ఏ క్షణాన చితికాయో ఆ గీతల్లోనే తెలిసింది. ఆ మేడను తర్వాత పడగొట్టేశారు.

ఇంతకూ తప్పెక్కడ? ఆ చివర పై అంతస్తులన్నిటా ఉన్న బలమైన కాంక్రీటు గోడ, కింది అంతస్తుకు వచ్చేసరికి లేదు. బరువంతా స్తంభాల మీదే పడింది. మన అపార్ట్‌మెంట్లలో కార్ల కోసం కింద ఖాళీగా వదిలేస్తామే, ఇంచుమించు అదే పద్ధతి. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో, భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో కూలిన వాటిలో ఇలాంటివి అనేకం.

మన ఇళ్ళలో ఆ సెన్సర్లు సాధారణంగా ఉండవు. కళ్ళున్నాయి కదా! కంపం వచ్చాక ముందు కింద కార్లు పెట్టేచోట స్తంభాలను బయటినుంచే చూడండి. వాటి మీద ఏటవాలు బీట, రాలిన కాంక్రీటు, బయటపడ్డ ఇనప ఊచ కనిపిస్తే ఇంట్లోకి వెళ్ళకండి, ఇంజనీరును పిలిపించండి. ఆయన చూసేదాకా ఆ బీట మీద సిమెంటు పూయించవద్దు. మేడ ప్లాను కాగితాలు అసోసియేషన్ దగ్గర భద్రంగా ఉన్నాయో లేదో మాత్రం ఇవాళే కనుక్కోండి. రేపు ఇంజనీరు వచ్చి మొట్టమొదట అడిగేవి అవే.